ఏడాదికి ఏడు రోజుల గది

"ఇతనా? సోఫాలు కుట్టే మనిషి. వెనక గేటు నుంచి రమ్మన్నాను కదయ్యా!" అని సూట్లు వేసుకున్న పదిమంది ముందు అన్నాడు సెంటు.

సెంటు నా బావమరిది. మనిషికంటే ముందు వాసన వస్తుందని మా షెడ్డులో పనివాళ్లు వాడికా పేరు పెట్టారు. ఆ రోజు వాడు పనిచేసే హోటల్‌కి నూట ఇరవై కుర్చీలు కావాలంటే, నమూనా కుర్చీ ఒకటి భుజాన వేసుకుని వెళ్లాను. నన్ను చూశాడు. 'మా బావ' అనడానికి మాత్రం వాడికి నోరు రాలేదు. వాడి ఫీజులు కట్టినవాణ్ణి. ఆరేళ్లు నా ఇంట్లో పెట్టుకుని మేపినవాణ్ణి. కుర్చీ కిందికి దించకుండానే వెనక్కి తిరిగాను.

పద్నాలుగు నెలలు ఆగాను.

వాడు అమ్మేది సరుకు కూడా కాదు. హోటల్ గదిలో రోజులు అమ్ముతాడు. పాతికేళ్లపాటు ఏడాదికి ఏడు రోజులు ఆ గది మనది, మిగతా రోజులు ఇంకెవరెవరిదో. టైమ్‌షేర్ అంటారట. అలాంటిది నేను కొన్నానంటే మా వీధి వీధంతా నోరు వెళ్లబెట్టింది. కాని సంతకానికి మూడు రోజుల ముందే ఆ ఆఫీసు మేడమ్ ఒప్పందం చదివి వినిపిస్తూ, "పది రోజుల్లో మనసు మారితే ఒక్క కాయితం రాసివ్వండి సార్, పైసాతో సహా వాపసు" అంది. ఆ మాట విన్నాకే నా చేతిలో పెన్ను కదిలింది.

అలాంటి కాయితం ముందే టైపు కొట్టించి పెట్టుకున్న సంగతి నాకు, ఆ టైపు కుర్రాడికి తప్ప మూడో మనిషికి తెలియదు, శనివారం పొద్దున ఏడున్నర దాకా.

ఏడున్నరకి ఆ కాయితం మా ఆవిడ చేతిలో ఉంది.

"చొక్కా నానబెడదామని జేబులు చూస్తే దొరికింది" అంది.

"ఇలా తే."

"చదవనివ్వండి. ఎంత బాగా రాయించారో మీరూ వినాలి కదా." కళ్లద్దాలు పెట్టుకుంది. "'నేను, నా భార్య కలిసి చేసుకున్న ఒప్పందాన్ని ఇష్టపూర్వకంగా రద్దు చేసుకుంటున్నాము. కట్టిన సొమ్ము మొత్తం వాపసు ఇప్పించ ప్రార్థన.' నా భార్య అని కూడా రాయించారే! ఆ భార్యకి ఒక మాట చెప్పాలని మాత్రం తోచలేదు."

నేను టీ గ్లాసు తిప్పుతూ కూర్చున్నాను.

"టైపు కొట్టినవాడికి ఎంతిచ్చారు?"

"నలభై."

"చవకే. కింద తారీకు సోమవారానిది వేయించారు. ఇవాళ శనివారం."

"సోమవారం ఇద్దామని."

"సోమవారమే ఎందుకు? సోమవారం మా తమ్ముడికి మేనేజరు కుర్చీ ఇస్తున్నారు. పైవాళ్లంతా వస్తున్నారు, భోజనాలున్నాయి, అక్కా బావా ముందు వరసలో ఉండాలి అని..." తనలో తను అనుకుంటున్నట్టు అంటూనే ఆగిపోయింది. కళ్లద్దాలు తీసింది. "అక్కడ ఇస్తారా? అందరి ముందూ?"

"వాడు నన్ను అన్నదీ అందరి ముందే."

"కుర్చీ సంగతా! అది ఇంకా కడుపులో పెట్టుకునే ఉన్నారా?"

"నువ్వైతే మర్చిపోయేదానివా?"

"ఈ ఇరవై నాలుగేళ్లలో నేను ఎన్ని మర్చిపోయానో మీకేమన్నా తెలుసా?"



ఆమె కాయితాన్ని మడత పెట్టింది. దుప్పటి మడిచినట్టు అంచుకి అంచు కలిపి, నిదానంగా. నాకు ఆమె అరిస్తే భయం లేదు. ఇలా మడతలు పెట్టినప్పుడే భయం.

"మరి నన్నెందుకు తీసుకెళ్లారండీ ఆ గదికి? తొమ్మిదో అంతస్తుకి లిఫ్టులో తీసుకెళ్లి, తలుపు తీసి చూపించి... దుప్పట్లు ఎవరు సర్దుతారమ్మా అని ఆ పిల్లనడిగాను. మీరు ముట్టుకోనక్కర్లేదు మేడమ్ అంది. వంట? ముట్టుకోనక్కర్లేదు. గిన్నెలు? ముట్టుకోనక్కర్లేదు. అడిగిందే అడిగాను, పిచ్చిదానిలా. తర్వాత ఆ పిల్ల నా చేతికి ఎర్ర పెన్నిచ్చి, ఏ వారం కావాలో క్యాలెండర్ మీద గీయమంది. గీశాను. అప్పుడు మీరు పక్కన నిలబడి నవ్వుతున్నారు. నన్ను చూసి నవ్వుతున్నారనుకున్నాను."

నేను నవ్వింది నిజమే. అప్పుడు నా కళ్ల ముందు ఉన్నది సెంటు మొహం. సోమవారంనాటి మొహం.

మా అమ్మాయి చేతిలో దువ్వెనతో వంటింట్లోకి వచ్చింది. కంటి ఆసుపత్రిలో బిల్లుల కౌంటర్ దానిది. ఎనిమిదికల్లా అక్కడ ఉండాలి. గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నట్టుంది.

"అమ్మా, నాన్న పుట్టి బుద్ధెరిగాక చేసిన ఒకే ఒక్క మంచి పని ఇది. నువ్వు ఏడుస్తావేంటి?"

"నేనెక్కడ ఏడుస్తున్నానే!"

"లెక్క చూడు. పద్దెనిమిది లక్షల నలభై వేలు పాతికేళ్లకి పంచితే ఏడాదికి డెబ్భై మూడు వేల ఆరు వందలు. పైన ఏటా నిర్వహణ ఖర్చని నలభై రెండు వేలు. వెరసి లక్షా పదిహేను వేల ఆరు వందలు, ఏడు రోజులకి. అదే హోటల్లో అదే గది అద్దెకి తీసుకుంటే రోజుకి తొమ్మిది వేలు. అరవై మూడు వేలతో పోతుంది. నేను ఫోన్ చేసి అడిగాను. మళ్లీ ఆ నలభై రెండు వేలూ ఎప్పుడైనా పెంచుకోవచ్చని రాసుకున్నారు. మామయ్య అమ్మేది గది కాదమ్మా, టోపీ."

"అద్దెకి తీసుకుంటే చవకే. కాదన్నానా?" అంది మా ఆవిడ. "ఎప్పుడైనా తీసుకున్నారా? ఒక్క పూట? మీ నాన్న నన్ను ఒక్క పూటైనా వంటింటి బయట కూర్చోబెట్టి అన్నం పెట్టించిన రోజు చెప్పు. సొంతమైతే, డబ్బు పోతుందన్న ఏడుపుతోనైనా తీసుకెళ్తారు. నాకు ఆ లెక్క చాలు."

మా అమ్మాయి దువ్వెన కిందికి దించింది.

"సరే, అది మీరూ మీరూ తేల్చుకోండి" అని నా వైపు తిరిగింది. "ఇచ్చేదేదో ఇవాళే ఇచ్చెయ్ నాన్నా. సోమవారం దాకా ఎందుకు? పది రోజులన్నారుగా. పోయిన వారం గురువారం సంతకం పెట్టారు. గురువారం ఒకటి, శుక్రవారం రెండు..."

"ఆపవే!" అన్నాను. "ముప్పై ఏళ్లుగా గడువు చెప్పి, చెప్పిన రోజుకి సరుకు దించుతున్న మనిషిని. నాకు రోజులు లెక్కపెట్టడం నేర్పుతావా? సోమవారం ఇచ్చాక కూడా నా చేతిలో ఇంకో రోజు మిగులుతుంది."

"ఒప్పందం ఒకసారి చూపించు."

"షెడ్డులో బీరువాలో ఉంది."

"తాళం?"

"నీ ఉద్యోగానికి టైమవుతోంది."

అది నన్ను ఎగాదిగా చూసింది. "నీకు డబ్బు ముఖ్యమా, మామయ్య పరువు తియ్యడం ముఖ్యమా నాన్నా?"

"రెండూ సోమవారమే జరుగుతాయి."

మా ఆవిడ కాయితాన్ని నా టీ గ్లాసు పక్కన పెట్టి లోపలికి వెళ్లింది. తలుపు వేసుకోలేదు. వేసుకుంటే బాగుండేది.

* * *

ఆ మధ్యాహ్నం మూడింటికి షెడ్డులోకి వాసన వచ్చింది. వెనకే మనిషి వచ్చాడు.

నేను డాక్టరుగారి పాత సోఫా విప్పుతున్నాను. పై గుడ్డ ఊడదీస్తే లోపల స్పాంజి పొడిపొడిగా రాలుతోంది. సెంటు ఒక చేత్తో టై పట్టుకుని, ఇంకో చేత్తో బిస్కెట్ల డబ్బా పట్టుకుని, దుమ్ము మీద కాలు వేయనా వద్దా అన్నట్టు నిలబడ్డాడు.

"బావా!"

షెడ్డులో అయితే బావనే. ఇక్కడ సూట్లు లేవు కదా.

"కూర్చో. ఆ కుర్చీ శుభ్రంగానే ఉంది. వెనక గేటు నుంచి వచ్చిందిలే."

వాడు నవ్వాడు. ఆ నవ్వు ఎంతసేపు ఉంచాలో తెలియక, బిస్కెట్ల డబ్బా మూత తీసి నా ముందు పెట్టాడు. "సోమవారం మర్చిపోకు బావా. పన్నెండున్నరకల్లా ఉండాలి. నువ్వు మైకులో మూడు ముక్కలు మాట్లాడాలి."

"నేనా?"

"నువ్వే. 'కష్టపడి బతికేవాణ్ణి, అయినా నా కుటుంబానికి ఇలాంటి వారం ఒకటి ఉండాలనుకున్నాను.' అంతే. పైవాళ్లకి అలాంటివి ఇష్టం. నీ సంతకంతో ఈ ఏడాది నా లెక్క నిండింది, తెలుసా? నీది యాభయ్యోది."

"మాట్లాడతాను" అన్నాను. నా గుండె ఎగిరి గంతేసింది. మైకు కూడా వాడే ఇస్తున్నాడు.

టీ తెప్పించాను. తాగాడు. లేస్తాడనుకున్నాను, లేవలేదు. సోఫా స్ప్రింగుల గురించి అడిగాడు. వీడికి స్ప్రింగులతో ఏం పని? నేను చెప్పాను. గోనెగుడ్డ ఎందుకు వేస్తారన్నాడు. చెప్పాను. వాళ్ల హోటల్లో కుర్చీల గురించీ చెప్పాను. సంతకానికి ముందు గది చూపించినప్పుడు ఒకదాన్ని తిరగేసి చూశాను. పైన మఖమలు, అడుగున నవారు బదులు పల్చటి గుడ్డ, దానికి పిన్నులు కొట్టి వదిలేశారు. రెండేళ్లు ఆగితే కూర్చున్నవాడు నేల మీద తేలతాడు.

"నిజమే బావా, నీకిచ్చి ఉండాల్సింది" అన్నాడు, పైకి చూస్తూ. ఆ మీదట, "ఆ రోజు సంగతి మనసులో పెట్టుకోలేదు కదా?"

"ఏ రోజు?"

"అదే... నువ్వు కుర్చీ తెచ్చిన రోజు."

"నాకు గుర్తే లేదు."

"నాకూ లేదనుకో. ఊరికే అడిగాను."

ఇద్దరం చెరో బిస్కెట్ తీసుకున్నాం.

"ఒప్పందం విషయంలో అనుమానాలేమీ లేవు కదా బావా?" నాలుగున్నరకి అడిగాడు.

"నాకేం అనుమానం?"

రెండో టీ తాగాడు. ఐదింటికి మళ్లీ, "అక్క సంతోషంగానే ఉందా? మీ ఇద్దరిలో ఎవరికైనా సందేహం ఉంటే చెప్పు. నాతో దాపరికం ఎందుకు?"

"మీ అక్క ఎర్ర పెన్నుతో గీతే గీసింది. ఇంకేం సందేహం?"

మూడో టీ సగం తాగి వదిలేశాడు. పనివాళ్లు చేతులు కడుక్కుంటున్నారు. వాడు గడియారం చూసుకున్నాడు. నన్ను చూశాడు. చిన్నప్పుడు పరీక్ష తప్పి వచ్చి నా ముందు నిలబడినప్పటి చూపు అది. ఒక్క క్షణం వీడు ఏదో ఒప్పుకోబోతున్నాడనిపించింది.

"ఆఖరిసారి అడుగుతున్నాను బావా. ఏమీ లేదు కదా?"

"ఏమీ లేదురా. ఎన్నిసార్లు అడుగుతావు?"

ఆరు దాటి పది నిమిషాలకి లేచాడు. ప్యాంటు దులుపుకున్నాడు. వాడి మొహంలో అంతసేపూ లేని రంగు వచ్చింది. నా మాట మీద నమ్మకం కుదిరిందనుకున్నాను. నా కాళ్ల దగ్గర కూర్చుని బతిమాలుకుంటున్నాడని, వాడు షెడ్డులో ఉన్న మూడు గంటలూ నాకు పండగలా గడిచాయి. వాడు పోయాక కూడా ఆ వాసన స్పాంజిలో ఉండిపోయింది.

* * *

ఆదివారం మా ఇంట్లో నాలుగే మాటలు పుట్టాయి.

"అన్నం పెట్టాను."

"సరే."

"రేపు నేనూ వస్తాను."

నాలుగో మాట నాది. "ఎందుకు?" అన్నాను. సాయంత్రం ఆమె నీలం చీర ఇస్త్రీ చేసుకుంది. నా తెల్ల చొక్కా కూడా ఇస్త్రీ చేసి, జేబులో కాయితం తనే పెట్టింది. నాకు అది ఏం అర్థమో తెలియలేదు. నా పక్షానికి వచ్చిందేమో అనుకున్నాను. మనకి కావలసినట్టు అనుకోవడానికి ఖర్చేముంది?

సోమవారం ముందు గేటు నుంచే వెళ్లాం.

హాలు చల్లగా ఉంది. పాతిక బల్లలు, తెల్ల గుడ్డలు. మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టారు. మా ఆవిడ కూర్చోగానే బల్ల గుడ్డ అంచు సవరించబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. ఒప్పందం చదివిన మేడమ్ పక్క బల్ల దగ్గర కాయితాల దొంతరతో కూర్చుని మాకు నమస్కారం పెట్టింది.

పెద్ద బాసు మాట్లాడాడు. సెంటుకి పూలగుత్తి ఇచ్చాడు. చప్పట్లు. సెంటు మైకు పట్టుకుని, "మా యాభయ్యో సభ్యుల్ని రెండు మాటలు చెప్పమని కోరుతున్నాను" అన్నాడు.

సభ్యుడట. అప్పటికీ బావ కాదు. మనసులో ఎక్కడైనా చిటికెడు జాలి ఉండి ఉంటే అది కూడా ఆ మాటతో పోయింది.

నేను లేచాను. జేబులోంచి కాయితం తీశాను. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి, చదవడం నిదానమే. కాని ఆ కాయితం కంఠతా వచ్చు. మైకులో ఒక్కో మాటా విడివిడిగా చదివాను. 'ఇష్టపూర్వకంగా రద్దు.' 'సొమ్ము మొత్తం వాపసు.' చెంచాల చప్పుడు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం కోసం పద్నాలుగు నెలలు బతికాను. సెంటు వైపు తిరిగి, "సోఫాలు కుట్టే మనిషికి ఈ హోటల్ గది అక్కర్లేదయ్యా. వెనక గేటు నుంచి వెళ్లిపోతాడు" అన్నాను.

వాడి మొహం వాడిపోవాలి. వాడిపోలేదు.

పెద్ద బాసు మేడమ్ వైపు చూశాడు. ఆమె లేచి వచ్చింది, నా చేతిలో కాయితం తీసుకుంది, తారీకు చూసింది. గొంతు తగ్గించే చెప్పింది పాపం. మైకు నా చేతిలోనే ఉంది, హాలంతా వినిపించింది.

"సార్, గడువు శనివారం సాయంత్రం ఆరింటితో అయిపోయిందండీ."

ఎక్కడో వెనక బల్ల దగ్గర ఎవడో కిసుక్కుమన్నాడు.

సెంటు రెండు అడుగులు వేసి నా భుజం మీద చెయ్యి వేశాడు. మైకు నా చేతిలోంచి మెత్తగా తీసుకున్నాడు. "మా బావగారండీ!" అన్నాడు, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ. "మా అక్క భర్త. సొంత బావగారు. గడువు అయిపోయాక రద్దు కాయితం ఇచ్చి నన్ను ఆట పట్టిస్తున్నారు. చిన్నప్పటినుంచీ ఇంతే, నన్ను ఏడిపించందే ఆయనకి ముద్ద దిగదు!"

హాలంతా గొల్లుమంది. చప్పట్లు కొట్టారు. పెద్ద బాసు వచ్చి నా చెయ్యి ఊపాడు. "మీ బావగారికి భలే హాస్యం!"

బావ. బావగారు. సొంత బావగారు. ఎన్నిసార్లు అన్నాడో. నేను ఆ నవ్వుల మధ్య తెల్ల చొక్కాతో నిలబడ్డాను. చెయ్యి ఎత్తి వాడి చెంప పగలగొట్టి ఉంటే, దానికీ చప్పట్లే కొట్టేవాళ్లు.

* * *

మేడమ్ మమ్మల్ని పక్క గదిలోకి తీసుకెళ్లింది. మంచినీళ్లిచ్చింది.

"పది రోజులన్నారమ్మా మీరు!" అన్నాను. "పోయిన వారం కాక, ఆ ముందు వారం గురువారం సంతకం. సంతకం రోజంటే బయానా ఇచ్చిన రోజు, అది లెక్కలోకి రాదు కదా. శుక్రవారం ఒకటి, శనివారం రెండు. ఆదివారం సెలవు. సోమవారం మూడు... అలా వస్తే ఇవాళ తొమ్మిది. రేపు కదా పది!"

ఆమె నన్ను జాలిగా చూసింది. "సెలవులతో కలిపే సార్. సంతకం చేసిన రోజు నుంచే. ఇదిగో, ఇక్కడ రాసి ఉంది. పక్కన మీ పొట్టి సంతకం కూడా ఉంది."

"ఎక్కడైనా బయానా రోజు వదిలేస్తారమ్మా. కొట్టు మూసిన రోజు వదిలేస్తారు. మా షెడ్డులో..."

"మీ షెడ్డులో అండీ" అంది.

నేను సోఫా కుట్టిన ప్రతి ఇంటికీ అదే లెక్క చెప్పాను. ఒక్కరు కూడా కాదనలేదు. లోకమంతా ఆ లెక్క మీదే నడుస్తుందనుకున్నాను. మా అమ్మాయి వేళ్లు మడవబోతే నోరు మూయించింది ఈ నోరే.

సెంటు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. నవ్వు లేదు.

"నీకు తెలుసు" అన్నాను. "శనివారం అందుకే వచ్చావు. ఆరు దాకా నన్ను కాపలా కాశావు."

"మూడుసార్లు అడిగాను బావా."

"గడువు ఇవాళే అని ఒక్కసారి చెప్పావా?"

"అలా చెప్పే అమ్మకంవాడు ఎక్కడైనా ఉంటాడా?" టై ముడి సర్దుకున్నాడు. "నువ్వు రద్దు చేస్తావని సంతకం రోజే అనుకున్నాను. కుర్చీని కిందికి దించకుండా వెళ్లిన మనిషివి, నా దగ్గరికొచ్చి గది కొంటావా? నీకు నేను తెలియకపోవచ్చు. ఆరేళ్లు నీ ఇంట్లో ఉన్నాను, నువ్వు నాకు తెలుసు."

"నువ్వు మనిషివేనా?"

"నువ్వు మాత్రం? నా ఉద్యోగం తియ్యడానికి నా చేతే మైకు ఇప్పించుకున్నావు."

నేను లేచాను. కుర్చీ వెనక్కి పడింది. మేడమ్ ఫోన్ అందుకుంది.

"ఇద్దరూ ఆపండి."

మా ఆవిడ గొంతు. పొద్దుటి నుంచి అదే మొదటి మాట. మా ఇద్దరిలో ఎవరినీ చూడటం లేదు. మేడమ్ ముందు కుర్చీలో కూర్చుని, చీర కొంగు ఒళ్లో మడత పెట్టుకుంటోంది. అంచుకి అంచు కలిపి.

"అమ్మా, ఆ గది ఇప్పుడు మాదేనా?"

"మీదేనండీ. ఇద్దరి పేరునా ఉంది."

"నేను ఎర్ర గీత గీసిన వారం మార్చుకోవచ్చా?"

"ఖాళీ ఉంటే మార్చుకోవచ్చు మేడమ్."

"ఈ వారం ఖాళీ ఉందా?"

మేడమ్ కంప్యూటర్‌లో చూసింది. "ఉందండీ. ఇవాళ రెండింటి నుంచి. కాకపోతే గదిలో దిగే ముందు ఈ ఏడాది నిర్వహణ ఖర్చు కట్టాలి. నలభై రెండు వేలు."

"అక్కా, ఇప్పుడెందుకు..." అన్నాడు సెంటు.

"నువ్వు నోరు మూసుకో. నీ యాభయ్యో సభ్యురాలితో మాట్లాడే తీరు అదేనా?" అంది. నాతో, "కట్టండి" అంది.

"నీకేమైనా పిచ్చి పట్టిందా? బట్టలు లేవు, ఏమీ లేవు..."

"మీరు మా తమ్ముణ్ణి కొట్టాలనుకున్నారు. వాడు మిమ్మల్ని కొట్టాలనుకున్నాడు. ఇద్దరూ కలిసి నా చేతికి ఎర్ర పెన్నిచ్చారు. కట్టండి."

కట్టాను. ఆసుపత్రి హాలు కుర్చీలకి బయానాగా వచ్చిన డబ్బు అది, రెగ్జిన్ కొనడానికి ఉంచింది. మేడమ్ రసీదుతో పాటు ప్లాస్టిక్ ముక్కల్లాంటి తాళాలు రెండు ఇచ్చింది. ఒకటి మా ఆవిడకి, ఒకటి నాకు. మా ఆవిడ నా చేతిలోది కూడా తీసుకుని మేడమ్ బల్ల మీద పెట్టేసింది.

"ఒకటి చాలమ్మా."

లిఫ్టు దాకా వెనకే నడిచాను. "వారం అయ్యాక వస్తావుగా?" అన్నాను. తలుపులు దగ్గరికి వస్తున్నాయి. ఆమె లోపల అద్దంలో జుట్టు సవరించుకుంటోంది.

నాలుగింటికి షెడ్డుకి చేరాను. ఐదింటికి మా అమ్మాయి ఫోన్ చేసింది.

"అమ్మ మాట్లాడింది నాన్నా. చీరలు పంపమంది."

"ఎన్ని?"



"అన్నీ అంది."

ఫోన్ పెట్టేశాను. షెడ్డు వెనక తలుపు తీశాను. అవతల టింబరు డిపోవాడు మా స్థలంలో, కాదు, వాడి స్థలంలో, దుంగలు దించుతున్నాడు. సంతకం ముందు రోజు గజం పదకొండు వేల ఐదొందల చొప్పున వాడికి అమ్మింది నేనే, వాపసు రాగానే తిరిగి కొనుక్కోవచ్చని. సెంటు సంగతి ఇంకా అయిపోలేదు. కాని ఆ సాయంత్రానికి నా చేతిలోంచి పోయింది మాత్రం ఇది: షెడ్డు వెనక నూట అరవై గజాల స్థలం, దాని తాలూకు పద్దెనిమిది లక్షల నలభై వేలు, పైన నలభై రెండు వేలు. అంతా కలిపి పద్దెనిమిది లక్షల ఎనభై రెండు వేలు.